సుభాన్ భాయ్ బాగుందన్న పెట్టె

చిత్తూరు,
8 జనవరి 2024

సుభాన్ భాయ్‌కి తమ్ముడు నియాజ్ సలాములు.

నువ్వూ భాభీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ చలికి మా ఇంట్లో అందరికీ దగ్గు పట్టుకుంది, అంతకుమించి చెప్పుకోదగ్గ కష్టం లేదు.

గుడ్ల వ్యాను మునిరామయ్య చేతికి స్పీకర్ పెట్టెలు రెండూ, చిన్న యాంప్లిఫయరూ ఇచ్చి పంపాను. చంద్రగిరి దగ్గర రోడ్డు తవ్వి పెట్టారట, మెల్లగా పొమ్మని ఒకటికి పదిసార్లు చెప్పాను. పెట్టెలకు చుట్టిన దుప్పట్లు మా ఇంటివి. మరిచిపోకుండా తిరిగి పంపించు, లేకపోతే మీ మరదలు నన్ను బతకనివ్వదు.

ఒక్కో పెట్టెలో కింద ఎనిమిదంగుళాల వూఫర్, పైన సిల్కు ట్వీటర్ పెట్టాను. క్రాసోవర్లను మాత్రం పెట్టెల్లో దాచలేదు. రెంటినీ కలిపి ఒక టేకు డబ్బాలో కూర్చాను. ఏదైనా మార్చాలంటే ఆ డబ్బా ఒక్కటి పంపితే చాలు, ఇంత బరువు మోయక్కర్లేదు. ఆ డబ్బా ఎందుకని భాభీ అడిగితే ఇలా చెప్పు: లావు శబ్దాన్ని వూఫర్‌కూ సన్న శబ్దాన్ని ట్వీటర్‌కూ పంచి ఇచ్చేది అదే, పంపకం తప్పితే పాట చెడుతుంది. అబ్బాజాన్ అలవాటు ప్రకారం మూత లోపలి వైపు చాక్‌పీసుతో నా పేరు రాసి బిగించాను.

వడమాలపేటలో మన మైక్‌సెట్ షాపు రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. "సుభాన్‌ది సెవి, నియాజ్‌ది సెయ్యి" అనేవాడు అబ్బాజాన్. నేను అతికించాలి, నువ్వు వినాలి. నువ్వు బాగుందనే దాకా పెట్టె గడప దాటకూడదు. అప్పటి నుంచి ఇప్పటి దాకా నా పెట్టెల్లో ఒక్కదాన్ని కూడా నువ్వు బాగుందనలేదు భాయ్. "పోనీలే, పంపించు" అనేవాడివి. ఆ మాటతోనే నా వయసంతా గడిచిపోయింది.

ఈసారి నాకు అసలు మాట కావాలి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఢిల్లీబాబు కొత్త ఇల్లు కట్టాడు. హాలుకు ఒక జత, మేడ మీదికి ఒక జత, బావమరుదుల ఇళ్ళకు కూడా నా చేతే చేయిస్తానన్నాడు. కానీ షరతు పెట్టాడు. "సుభాన్ భాయ్ బాగుండాదని అంటేనే సేయప్పా. ఆయప్ప సెవి మీదే నాకు నమ్మకం" అన్నాడు. షాపు నిలబడాలన్నా నేను తలెత్తుకుని తిరగాలన్నా నీ ఒక్క మాట మీద ఉంది.

అబ్బాజాన్ డఫ్ వాయించిన మన ఉరుసు కవాలీ క్యాసెట్టు పెట్టి విను. మూడో పాటలో ఒకటి వినిపిస్తుంది. ఇన్నేళ్ళలో అది ఏ స్పీకర్‌లోనూ వినిపించలేదు. అదేమిటో నేను రాయను, నువ్వే విని నాకు రాయాలి.

నీ తమ్ముడు,
నియాజ్


తిరుపతి,
19 జనవరి 2024
(కార్డు)

రేయ్ నియాజ్,

దుప్పట్లు బాగున్నాయి. శబ్దం బాగా లేదు.

కవాలీ పాడేవాళ్ళంతా కంబళి కప్పుకుని పాడుతున్నారు. డఫ్‌కు గజ్జెలు ఉన్నాయా, వాటిని ఊడబెరికి అమ్ముకున్నావా? కెపాసిటర్ ఏం వేశావు, రిపేరు అంగట్లో ఊడ్చిపారేసింది ఏరుకొచ్చావా? మూత విప్పి చూద్దామంటే నా చేతులు వణుకుతున్నాయి, స్క్రూ మీద నిలవడం లేదు. విప్పడం మానేశాను. నీ పని ఏపాటిదో చెప్పడానికి చెవి చాలు.

డబ్బా మునిరామయ్యకు ఇచ్చాను. దిద్ది పంపు. ఫోను చెయ్యొద్దు. ఫోనులో మనిషి గొంతు గొంతులా ఉండదు, నాకు అసహ్యం. ఏదున్నా రాయి.

సుభాన్ బాషా


చిత్తూరు,
29 జనవరి 2024

సుభాన్ భాయ్‌కి సలాములు.

నీ కార్డు నాకంటే ముందు మా షాపున్న చర్చి వీధి మొత్తానికి అందింది. పోస్టుమాన్ ధనంజయ టీ అంగడి దగ్గర నిలబడి చదివి వినిపించాడట. నేను షాపు తీసేసరికి ఎదురుగా పూలమ్మే కోమలి, "ఏం సామీ, కంబళి ఎంతకిస్తావు" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది, నేనూ నవ్వాను. కానీ భాయ్, తిట్టదలుచుకుంటే కవరులో పెట్టి తిట్టు. తిట్టొద్దని నేను అనడం లేదు.

కెపాసిటర్లు ఊడ్చినవి కావు. అయినా నీ మాట కాదనకుండా వాటిని తీసేసి, ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్లు వేశాను. కాయిల్ కూడా విప్పి లావు తీగతో మళ్ళీ చుట్టాను. అది చుడుతుంటే అబ్బాజాన్ గుర్తొచ్చాడు. తీగ మీద తీగ ఎక్కితే వేళ్ళ మీద కొట్టేవాడు కదా. నిన్ను ఎప్పుడూ కొట్టలేదు, నువ్వు ఎప్పుడూ చుట్టలేదు.

మూడో పాట గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. విన్నావా లేదా? భాభీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయి.

నియాజ్


తిరుపతి,
9 ఫిబ్రవరి 2024
(కార్డు)

రేయ్ నియాజ్,

కవరు ఎందుకు? సిగ్గుపడాల్సింది చెడగొట్టినవాడు, రాసినవాడు కాదు.

ఏమీ మారలేదు. ట్వీటర్ ముందు రెసిస్టర్ పెట్టి దాని పీక నొక్కేశావు. దాన్ని తీసెయ్. యాంప్లిఫయర్‌కు ఊపిరి లేదు, పెద్దది పంపు. మొన్న పాత మైక్‌సెట్ వాళ్ళు ఇంటికి వస్తే నీ పెట్టె వినిపించాను. వాళ్ళంతా చాలా బాగుందన్నారు. మర్యాదకు అంటున్నారులే అని నేనే వాళ్ళకు చెప్పాను. నీ పనిని మెచ్చుకోవాలంటే ఒకటి మర్యాద ఉండాలి, లేదా చెవి లేకుండా ఉండాలి.

మూడో పాటలో ఏముంది? మొదటి రెండు పాటల్లో ఏముందో అదే ఉంది. మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి.

సుభాన్ బాషా


చిత్తూరు,
20 ఫిబ్రవరి 2024

భాయ్‌కి,

రెసిస్టర్ తీసేశాను. మనసొప్పక తీశానని తెలుసుకో. ట్వీటర్ గొంతు పుట్టుకతోనే వూఫర్ కన్నా పెద్దది. దాన్ని కాస్త తగ్గించి ఇద్దరినీ సమానం చేయడానికే ఆ రెసిస్టర్. అది లేకుండా షాపులో ఒక్క పాట పూర్తిగా వినలేకపోయాను, చెవుల్లో సూదులు దిగినట్టు ఉంది. నువ్వు అడిగావు, పంపుతున్నాను. పెద్ద యాంప్లిఫయర్ కూడా పంపుతున్నాను, వాల్యూమ్ జాగ్రత్త.

నగరిలో ఒక పవర్‌లూమ్ షెడ్డు యజమాని ఉన్నాడు. పోయినేడు ఆయన ఇంటికి స్పీకర్లు పెట్టాను. సన్న శబ్దం చాలదు, ఇంకా పెంచు, ఇంకా పెంచు అని నా ప్రాణం తీశాడు. చివరికి ఆయన భార్య చాటుగా పిలిచి చెప్పింది, రోజంతా మగ్గాల మోతలో నిలబడి ఆయన చెవులు మొద్దుబారాయట. నువ్వు అడిగేవన్నీ ఆయన అడిగినట్టే ఉన్నాయి భాయ్. కోపం తెచ్చుకోకు. ఒకసారి ఎవరికైనా చూపించుకుంటే నష్టం లేదు కదా అనిపించింది.

ఢిల్లీబాబు మళ్ళీ వచ్చి అడిగి వెళ్ళాడు. ఎన్నాళ్ళు ఆగుతాడో తెలియదు.

నియాజ్


తిరుపతి,
2 మార్చి 2024
(కార్డు)

రేయ్ నియాజ్,

నన్ను మగ్గాల వాడితో పోల్చేంత వాడివయ్యావా? ఈ చెవి లేకపోతే నువ్వు ఇంకా పెళ్ళి పందిళ్ళలో వైర్లు చుట్టుకుంటూ ఉండేవాడివి.

పెట్టె అలాగే ఏడుస్తోంది. పాట పెడితే మీ భాభీ జైతున్ లేచి వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంటోంది. ఆమెకు కూడా నీ పని రోత పుట్టింది. ఢిల్లీబాబు మనిషి ఇక్కడికి వచ్చి అడిగాడు. ఇంకా కుదరలేదని చెప్పి పంపాను. చేతకాదని చెప్పమంటే అదీ చెబుతాను.

ఒక మాట తెలుసుకో. అబ్బాజాన్ నీది చెయ్యి అన్నది నీ పని చూసి కాదు. నీకు చెవి లేదని తేలిన రోజు నువ్వు మూల కూర్చుని ఏడిస్తే, నోరు మూయించడానికి అన్నాడు.

సుభాన్ బాషా


చిత్తూరు,
14 మార్చి 2024

భాయ్‌కి సలాములు. రంజాన్ రోజాలు మొదలయ్యాయి, భాభీని ఎక్కువ కష్టపెట్టుకోవద్దని చెప్పు.

నువ్వు అన్నదే నిజం. తప్పంతా నా చేతిదే. పాత క్రాసోవర్లను ముక్కలు ముక్కలుగా విప్పేసి, ఈసారి నీ కోసమని ప్రత్యేకంగా కొత్తవి కూర్చాను. ఇంతకన్నా మంచిది నా వల్ల కాదు. ఇది నీకు తప్పకుండా నచ్చుతుంది.

మూత గట్టిగా బిగించాను, దాన్ని ముట్టుకునే పని లేదు. ఒకటే కోరిక. బాగుంటే మాత్రం ఎప్పటిలా కార్డు మీదే రాయి. తిట్లు చదివినవాళ్ళు అది కూడా చదవాలి కదా.

నీ తమ్ముడు,
నియాజ్


తిరుపతి,
25 మార్చి 2024
(కార్డు)

నియాజ్,

బాగుంది.

ఇఫ్తార్ అయ్యాక కూర్చుని క్యాసెట్టు మొత్తం విన్నాను. డఫ్ గజ్జెలు దేనికది విడిగా వినిపించాయి. పాడేవాడు మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. మూడో పాట చాలా బాగుంది. ఇన్నాళ్ళకు అబ్బాజాన్ పేరు నిలబెట్టావు. ఈ కార్డు ఢిల్లీబాబుకు చూపించు, నా మాటగా చెప్పు. నీ చేతికి నా సలాం.

సుభాన్ బాషా


చిత్తూరు,
12 ఏప్రిల్ 2024
(కార్డు, ఒకటోది)

సుభాన్ భాయ్‌కి ఈద్ ముబారక్.

ఈసారి నేను కూడా కార్డు మీదే రాస్తున్నాను. ఒకటి చాలదు, రెండు రాస్తున్నాను. మీ వీధి పోస్టుమాన్ తీరిగ్గా చదువుకోవచ్చు.

నీ కార్డుకు ఫ్రేము కట్టించి షాపు గోడకు తగిలించాను. ఢిల్లీబాబు దాన్ని చదివి, వారంలో పని మొదలుపెట్టమన్నాడు. నిన్న పండగ నమాజు అయ్యాక మన పాత మైక్‌సెట్ వాళ్ళందరినీ షాపుకు పిలిచాను. షీర్ ఖుర్మా పెట్టి, ధనంజయ చేత నీ కార్డు మళ్ళీ చదివించాను. "గజ్జెలు దేనికది విడిగా వినిపించాయి" అన్నచోట ఆపమన్నాను.

అక్కడ ఆపి, వాళ్ళకు నిజం చెప్పాను. నీకు పంపిన డబ్బాలో ట్వీటర్‌కు పోయే వైర్లు రెండు వైపులా కోసేశాను. ఆ పెట్టెల్లో ఇప్పుడు వూఫర్ ఒక్కటే పలుకుతోంది. ట్వీటర్ శవంలా ఉంది. మిగతాది రెండో కార్డులో చదువు.

(కార్డు, రెండోది)

రెసిస్టర్ తీసి పంపాక భాభీ నాకు ఫోను చేసింది. "ఆయనకు ఇనపడేదిల్యా నియాజ్. వాకిట్లో బెల్లు కొట్టినా తెల్దు. పాట పెడితే నా సెవుల్లో పొడిసినట్టు ఉండాది, ఆయనకేమో సాలదంట. యాడికైనా తీసకపోదామంటే ఇంటాడా? నువ్వు ఈ మాట ఆయనతో అనొద్దు, పానం తీసుకుంటాడు" అని ఏడ్చింది.

నీతో అనలేదు. మిగతా అందరితో అన్నాను. షాపులో అందరూ నవ్వారు. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను. నన్ను ఇన్నేళ్ళు మోకాళ్ళ మీద నిలబెట్టిన చెవి ఇదీ! ఇక నా పెట్టెలకు నీ మాట అక్కర్లేదు. మూడో పాటలో ఏముందో నీకు ఎప్పటికీ తెలియదు. నేను చెప్పను.

నియాజ్


తిరుపతి,
28 ఏప్రిల్ 2024

నియాజ్‌కి,

ఇది కవరులో పెడుతున్నాను. చర్చి వీధికి ఈసారి చదవడానికి ఏమీ లేదు.

నీ కార్డులను పోస్టుమాన్ జైతున్ చేతికి ఇచ్చాడు. ఆమె చదివి బియ్యం డబ్బాలో దాచింది. ఆమె అన్నం వండకుండా కూర్చుంటే ఎందుకా అని నేనే వెతికి తీశాను. తను నీతో అన్న మాట నువ్వు ఊరందరికీ పంచిపెట్టావని ఆమె తల ఎత్తడం లేదు. నన్ను క్షమించమని ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో మాటలు కాగితాల మీదే.

ఇక అసలు సంగతి. మగ్గాలవాడి గురించి నువ్వు రాసిన ఉత్తరానికి నాకు ఒళ్ళు మండిపోయింది. నీకు కార్డు రాసి పోస్టులో వేశాక కూడా ఆ మంట ఆరలేదు. చివరికి చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకు ఏదో తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. లావు చప్పుళ్ళకు నొక్కాను. ఆ తర్వాత బటన్ పట్టుకుని, సన్నవి ఎప్పుడు మొదలుపెడతాడా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తలుపు తీసి, అయిపోయింది రమ్మన్నాడు. ట్వీటర్ పలికే శబ్దం ఏదీ నాకు వినపడదట. నరం చచ్చిపోయిందట, మిషను పెట్టుకున్నా రాదట.

నీ కడపటి డబ్బా వచ్చింది ఆ తర్వాత. నా చెవి మీద నాకు నమ్మకం పోయింది కాబట్టి జైతున్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పాట పెట్టాను. గజ్జెలే లేవంది. నా చేతులు వణుకుతాయి కదా, స్క్రూలు ఆమె చేత విప్పించాను. కోసిన వైర్ల కొనలకు నల్ల తొడుగులు వేసి ఎంతో శుభ్రంగా పెట్టావు. మూత లోపల చాక్‌పీసుతో నువ్వు రాసింది చదివాను. "చెవిటోడికి ఇది చాలు. నియాజ్." నీ పేరు అబ్బాజాన్ నేర్పినట్టే రాశావు.

అది చదివాకే నీకు ఆ కార్డు రాశాను.

గజ్జెలు వినిపించాయని ఎలా రాశానని అడుగుతావేమో. ఆ క్యాసెట్టులో ఏ గజ్జె ఎక్కడ మోగుతుందో నాకు కంఠతా వచ్చు. ఎందుకు రాశానని అడిగితే మాత్రం, నువ్వు నా నోటి నుంచి మంచి మాట కోసం మీసం రాకముందు నుంచి కాచుకుని ఉన్నావని నాకు తెలుసు. తెలిసే ఇవ్వలేదు. ఇప్పుడు ఇద్దామంటే వినడానికి చెవి లేదు. అందుకని అబద్ధమే ఇచ్చాను. నీ షాపు నడుస్తుంది, నీ కడుపు నిండుతుంది, నువ్వు చేసింది నాలోనే ఉండిపోతుంది అనుకున్నాను. నువ్వు దాన్ని కూడా ఉండనివ్వలేదు.

ఢిల్లీబాబు మొన్న వచ్చాడు. షాపులో జరిగింది ఆయన దాకా పోయింది. "సెవిటాయన బాగుండాదన్న పెట్టెను నేను ఎట్ల నమ్మేదప్పా" అని అడిగాడు. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. ఆయన్ని నమ్మించడానికి నేను ఒక్క మాట అంటే చాలు. నా చెవులు బాగున్నాయి, మా తమ్ముడిది పండగ పూట వేళాకోళం అంటే నమ్మేవాడే. ఒకసారి నీ కోసం అబద్ధం రాశాను, రెండోసారి నోరు పెగల్లేదు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు. చెన్నైలో కొనుక్కుంటాడట.

పెట్టెలు మీ దుప్పట్లలోనే చుట్టి మునిరామయ్య చేతికి ఇచ్చాను. దుప్పట్లు ఉతికించాను.

ఇంకొకటి మిగిలింది. మూడో పాటలో ఏముందో నాకు తెలిసింది. మొదటిసారి నువ్వు పంపిన డబ్బాతో, ఇంకా నేను దాన్ని చెడగొట్టించక ముందు, ఆ పాట దగ్గర జైతున్ పైట చెంగు కళ్ళకు పెట్టుకుంది. శబ్దం బాగాలేక తలనొప్పి వచ్చిందేమో అనుకున్నాను, అడగలేదు. నిన్న అడిగితే రాసి ఇచ్చింది. అబ్బాజాన్ డఫ్ కొడుతుంటే ఆయన వెండి ఉంగరం చెక్క అంచుకు తగిలే చప్పుడు. మామ వచ్చి గదిలో కూర్చున్నట్టే ఉండిందట. అంత మంచి పెట్టె మన షాపులో ఎప్పుడూ తయారవలేదని రాసింది.

నేను దాన్ని వినలేదు. వినిపించలేదు గనక లేదన్నాను, నువ్వు నా మాట నమ్మి దాన్ని ముక్కలు చేశావు. మళ్ళీ కూర్చినా బాగుందని చెప్పేవాడు లేడు.

నా కార్డును గోడ మీది నుంచి తీయకు. అందులో ఉన్నది అబద్ధమే అయినా, నీకు నా దగ్గర నుంచి వచ్చేది అదొక్కటే.

సుభాన్ బాషా